కంపెనీ వచ్చేదాకా వాయిదా

ఒక ఆట గురించి ఇద్దరు మనుషులు మాట్లాడుకోవడం ఆపితే చాలు, ఇంకేమీ అక్కర్లేదని నేను రోజూ కోరుకున్న కాలం ఒకటుండేది. వాళ్ళు నిజంగానే ఆపారు. ఆ తర్వాత మా ఇంట్లో ఏం జరిగిందో తలచుకుంటే, చిన్న వయసులో ఏదీ అంత గట్టిగా కోరుకోకూడదని అనిపిస్తుంది.

అప్పుడు నేను ఖమ్మంలో డిగ్రీ చదువుతున్నాను. మా అన్నయ్య, అతని స్నేహితుడు కలిసి కిరాయికి తీసుకున్న ఒక్క గదిలో ఒక మూల నాది. అన్నయ్య పురుగుమందుల షాపులో పనిచేసేవాడు. స్నేహితుడు మిర్చి బస్తాలు నిల్వచేసే కోల్డ్ స్టోరేజీలో. (ఆ స్నేహితుడు తర్వాత మా బావ అయ్యాడు కనుక మొదటి నుంచీ బావ అనే రాస్తాను. కాకుండా పోయే ప్రమాదం ఎంత దగ్గరికి వచ్చిందో చెప్పడానికే ఇదంతా.) ఇద్దరూ కలిసి ఒక కంప్యూటర్ కొన్నారు. దాంట్లో ఒకే ఒక్క ఆట. పాతకాలపు రాజ్యాల్లో కత్తి దాచుకుని తిరిగే మనిషి కథ అది, సినిమాలకు రెండో భాగం, మూడో భాగం వచ్చినట్టు భాగాలుగా వచ్చేది. దాని అసలు పేరు మా అమ్మకు నోరు తిరగలేదు. 'కత్తోడి ఆట' అంది. అదే నిలిచింది.

నేను ఆ ఆటను ఒక్కసారి కూడా ఆడలేదు. అయినా దాని చరిత్ర మొత్తం నాకు తెలుసు, ఎందుకంటే అన్నం తినేటప్పుడు, బట్టలు ఉతికేటప్పుడు, బస్సులో నేను మధ్య సీట్లో ఇరుక్కున్నప్పుడు, వాళ్ళు దాని గురించే వాదించుకునేవారు. మొదటి భాగాల్లో కత్తోడు సంతలో పదిమందిలో ఒకడిలా తిరిగేవాడు. ఎవరెవరు ఏం మాట్లాడుతున్నారో వినేవాడు. ఒక్క దుర్మార్గుణ్ణి వెతికి, పనైపోయాక మళ్ళీ జనంలో కలిసిపోయేవాడు. తర్వాతి భాగాలకు వచ్చేసరికి కంపెనీ మనసు మారింది. కత్తోడికి గుర్రం వచ్చింది, ఓడ వచ్చింది, గొడ్డలి వచ్చింది. దేశాలకు దేశాలు తిరగడం, కోటలు పడగొట్టడం, ఇనుమూ తోలూ పోగుచేసి ఆయుధాలు బాగుచేసుకోవడం మొదలైంది. ఈ మార్పు అన్నయ్యకు గిట్టలేదు. బావకు అదే నచ్చింది.

"ఒకనికోసం పోయినోడు ఒకన్నే చంపి రావాలె. కండ్లవడ్డోన్నల్ల నరుక్కుంట పోతే వాడు కత్తోడెట్ల అయితడు? వరికోత మిషన్ అయితడు," అనేవాడు అన్నయ్య.

"ఎన్నాళ్లని ఆ సంతలోనే మూటేసుకుని తిరుగుతాంరా? లోకం చూడొద్దా? నీకేమో ఆ ఇరుకు సందే కావాలి," అనేవాడు బావ. వాళ్ళది మధిర వైపు. కోపంలో కూడా మాట కొంచెం మెత్తగా ఉండేది, కానీ తగ్గేది కాదు.

"మెడల కత్తి దిగినంక గూడ వాడు లేచి నిలబడుతుండు! ఏందిరా అంటే వాని లెవల్ ఎక్కువంట. మెడకు లెవల్ ఏందిరా? మెడ మెడనే గద."

"నువ్వు తోలు పోగుచేసి కత్తి బాగుచేసుకోలేదు. బద్ధకం నీదైతే తప్పు ఆటదా?"

"పొద్దంత షాపుల మందు డబ్బాలు మోసి, ఇంటికొచ్చి తోలు ఏరుకోవాల్నా నేను?"

ఒకసారి నేను చదువుతున్న పుస్తకం మూసి, ఇద్దరి మాటలోనూ న్యాయం ఉందన్నాను. ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగి, "నువ్వు ఆడినవా?" అని ఒకరు, "నువ్వు ఆడావా?" అని ఒకరు అడిగారు. వాళ్ళిద్దరికీ ఏకాభిప్రాయం కుదిరిన విషయం ఆ ఏడాదిలో అదొక్కటే.

ఆ వేసవి మొదట్లో కొత్త భాగం వచ్చింది. అన్నయ్య కాసేపు ఆడి, చల్లారిన చాయ్ పక్కకు పెట్టినట్టు జాయ్‌స్టిక్ పక్కన పెట్టాడు. బావ దాన్ని చివరిదాకా ఆడి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. అన్నయ్య ఫోన్లో అభిమానుల గుంపులోకి వెళ్ళి, కత్తోడు చచ్చిపోయాడని పెద్ద సంతాపం రాశాడు. దాని కింద బావ జవాబు రాశాడు. ఆదివారం మధ్యాహ్నం, ఒకే గదిలో, ఒకే చాప మీద, వీపు వీపు ఆనించి కూర్చుని ఇద్దరూ ఒకరి మీద ఒకరు రాసుకున్నారు. ఊరూ పేరూ తెలియని వాళ్ళంతా వచ్చి చెరో వైపు చేరారు. ఫ్యాను చప్పుడు, వేళ్ళ చప్పుడు తప్ప గదిలో మాట లేదు. చివరకు అన్నయ్య, "నువ్వు అసలు అభిమానివే కాదు," అని రాశాడు. బావ లేచాడు. చాప సగం అన్నయ్య కింద ఉండగానే చుట్టబోయాడు, రాలేదు. చాప వదిలేసి, బట్టలు సంచిలో కుక్కుకుని కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో పడుకోవడానికి వెళ్ళిపోయాడు. నాకు హాయిగా అనిపించింది. ఆ సాయంత్రం చాలా పేజీలు చదివాను.

నేను మరిచిపోయిన సంగతి ఒకటుంది. మా అక్కకు బావతో పెళ్ళి అనుకున్నారు. అక్క భద్రాచలంలో ఒక దవాఖానాలో నర్సు. సంబంధం తెచ్చిందే అన్నయ్య. ఇద్దరూ ఒకరికొకరు నచ్చారు, పెద్దలూ సరేనన్నారు, మధిర నుంచి వాళ్ళొచ్చి నిశ్చితార్థానికి రోజు చూడటమే మిగిలింది.

తర్వాతి ఆదివారం మేమంతా ఊళ్ళో ఉన్నాం. మా ఊరు భద్రాచలం దాటి, అడవి మొదలయ్యే చోట. తునికాకు కట్టలు కట్టే రోజులు. మిట్టమధ్యాహ్నం, ఖమ్మం నుంచి బండి మీద, మొహమంతా ఎర్రబడిపోయి బావ వచ్చాడు. బట్టలతో పాటు సంచిలో వచ్చేసిన జాయ్‌స్టిక్ తీసి అరుగు మీద పెట్టి, "ఇది నీ డబ్బుతో కొన్నది. నీదే. ఉంచుకో," అన్నాడు అన్నయ్యతో. అన్నయ్య దాని వైపు చూడలేదు. అక్క లోపలి నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చింది. అంత ఎండలో గోదావరి దాటి వచ్చిన మనిషి, "వద్దండీ," అని బండెక్కి వెళ్ళిపోయాడు.

నాన్న మంచం మీద కూర్చుని ఇదంతా చూశాడు. మా వైపు, తగాదా ఉన్న ఇంట్లో మంచినీళ్ళు ముట్టరు. సంబంధం మాట్లాడుకున్న ఇంట్లో ముట్టలేదంటే ఇక చెప్పేదేమీ ఉండదు. సంబంధం వద్దన్నట్టే.

"నీళ్ళు ముట్టలే," అన్నాడు నాన్న అమ్మతో, ఎవరో పోయారని చెప్పే గొంతుతో.

నేను పరిగెత్తి వెళ్ళి అసలు సంగతి చెప్పాను. నాన్న ఓపికగా విన్నాడు. "ఆట కోసం ఎవడన్న సంబంధం ఇడిసిపెడ్తడారా? పుస్తకాలు చదివి చదివి నీకు అబద్ధం చెప్పుడు గూడ సక్కగ రాకపాయె," అన్నాడు. అన్నయ్యను అడిగితే, "వాన్నే అడుగుండ్రి," అన్నాడు. అక్కను ఫోన్ చెయ్యమన్నాను. "నా చేతి నీళ్ళు ముట్టనోనికి నేనెందుకు చెయ్యాలె?" అంది. ఆ వారమంతా ఆమె డ్యూటీకి వెళ్ళి వచ్చి, ఫోన్ బోర్లాపెట్టి పక్కన కూర్చునేది. మోగితే తిప్పి చూసేది. బోర్లాపెట్టేది. అది చూశాకే నాకు భయం వేసింది. ఒక మనిషి కత్తికి లెవల్ చాలకపోవడం వల్ల మా అక్క పెళ్ళి ఆగిపోతోంది, నిజం చెప్పేవాణ్ణి నేనొక్కణ్ణే, నన్ను నమ్మేవాడు లేడు.

నాన్న పంచాయితీ పెట్టించాడు. పక్క గూడెం పెద్ద, పటేల్ తాతను పిలిచారు. మా ఊరి తగాదాలకు కూడా ఆయనే వచ్చేవాడు, ఎందుకంటే రెండో పక్షం మాట వినకుండా ఆయన ఎప్పుడూ తీర్పు చెప్పలేదు. మధిర నుంచి బావ, వాళ్ళ పెదనాన్న వచ్చారు. మా ఇంటి ముందు పందిరి కింద, బావ ఆ చివర, అన్నయ్య ఈ చివర.

"చెప్పుండ్రి. ఏంది తగాదా?" అన్నాడు తాత.

ఇద్దరూ నేల చూశారు. పిల్లనివ్వడంలో, భూమిలో, మాటలో ఏదో తేడా వచ్చి ఉంటుందని అందరూ ఎదురుచూస్తున్నారు. కాసేపు చూసి తాత నా వైపు వేలు చూపించాడు. "నువ్వు సదువుకునేటోనివి గద. నువ్వు చెప్పు."

అలా, జీవితంలో జాయ్‌స్టిక్ ముట్టని నేను, ఊరి పెద్దల ముందు లేచి నిలబడి, కత్తోడు మొదటి భాగంలో ఎలా ఉండేవాడో, ఏ భాగంలో ఎలా మారాడో వివరించాను. ప్రతి రెండో మాటకు ఒక చివర నుంచి అన్నయ్య, "అట్ల కాదు," అనేవాడు. ఇంకో చివర నుంచి బావ, "అది కాదు తమ్ముడూ," అనేవాడు. చెమటతో నా చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఈ కత్తోడు మీకు చుట్టమా?" అడిగాడు తాత.

"కాదు తాత. ఉత్త బొమ్మ."

"బొమ్మ కోసం నీళ్ళు ముట్టలేదా ఈ పిలగాడు?"

"అవ్ తాత."

నాన్న నన్ను మొదటిసారి నమ్మిన చూపు చూశాడు. అక్కడితో అయిపోవలసింది. కానీ నాన్న గొంతు సవరించుకుని, "అయితే మావోడు అన్నదాంట్ల తప్పేంది? ఒకన్ని చంపనీకి పోయి ఊరంత నరుకుడేంది?" అన్నాడు. బావ వాళ్ళ పెదనాన్న కండువా సర్దుకుని, "అట్లా అంటే ఎట్లా అండీ? మనిషి అన్నాక ఎదగాలి కదా. గుర్రం కొనుక్కోవడం తప్పా?" అన్నాడు. "గుర్రం సరే, మెడల కత్తి దిగినోడు లేస్తడా?" "కత్తి మొద్దుబారిందేమో అండీ!" ఇద్దరు పెద్దమనుషుల గొంతులు లేచాయి. ఎప్పుడూ ఎవరి పంచాయితీకీ రాని పక్కింటి ముసలామె కూడా వచ్చి, సంతలో తిరిగేవాడే మంచివాడని చెప్పి వెళ్ళింది. నేను కూలబడ్డాను. గదిలో ఇద్దరు చాలరన్నట్టు, ఇప్పుడు ఊరంతా అంటుకుంది.

తాత చెయ్యెత్తాడు. "కత్తోన్ని మార్చింది ఎవరు?"

"కంపెనీ," అన్నారు అన్నయ్య, బావ ఒకేసారి.

"కంపెనీ వచ్చిందా?"

ఇద్దరూ తలలు అడ్డంగా ఊపారు.

"మార్చినోడు రాకుంట మీరు కొట్లాడితే ఏమొస్తది? రానోని మీద నేను తీర్పు చెప్ప. కంపెనీ వచ్చేదాక వాయిదా." తువ్వాలు దులిపి లేచాడు.

అప్పుడు అక్క చెంబు పట్టుకుని బయటికొచ్చింది. "తాత, మీ వాయిదా మీరు వేసుకోండ్రి. నాది ఒక్క మాట," అని నేరుగా బావ ముందుకెళ్ళి నిలబడింది. "కత్తోడు ఏమన్న చేసుకోని. ఈ నీళ్ళు కంపెనీ పంపలే, నేను తెచ్చిన. తాగుతరా, తాగరా?"

బావ చెంబందుకుని గటగటా తాగాడు. ఖాళీ అయ్యేదాకా దించలేదు.

"నిదానంగ తాగురా, పొలమారుతది," అన్నాడు అన్నయ్య. రెండు వారాల తర్వాత అతను బావతో అన్న మొదటి మాట అదే.

పెళ్ళి జరిగింది. పెళ్ళి పీటల దగ్గర కూడా అన్నయ్య వంగి బావ చెవిలో ఏదో అంటే, బావ తలంబ్రాలు పట్టుకునే, "అది వేరు, ఇది వేరు," అనడం నేను విన్నాను. ప్రతి కొత్త భాగానికీ వాదన కొత్తగా మొదలయ్యేది. నేను ప్రతిసారీ గదిలోంచి లేచి పోయేవాణ్ణి.

అన్నయ్యకు జబ్బు చేసింది. ఎక్కువ కాలం లేడు. దాని గురించి ఇంతకంటే రాయలేను. ఆ తర్వాత బావ కంప్యూటర్ మీద గుడ్డ కప్పాడు.

ఈ మధ్య ఒకరోజు బావ ఫోన్ చేశాడు. కంపెనీ మనసు మళ్ళీ మారిందట. కొత్త భాగంలో పాత పద్ధతే, ఒకే ఊరు, సంత, జనంలో కలిసిపోవడం. "వాడు గెలిచాడురా," అని ఫోన్ పెట్టేశాడు. ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. గుడ్డ తీసి ఉంది. బావ ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. బాగుంది కదా అన్నాడు. బాగుందన్నాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ బాగుందన్నాను. అతను విసుగ్గా జాయ్‌స్టిక్ పక్కన పెట్టాడు. "నువ్విట్లా ప్రతిదానికీ ఒప్పుకుంటే నేనెట్లా ఆడాలిరా?"

నాకూ విసుగు పుట్టింది. "ఏం బాగుంది? పాత పద్ధతి అని పాత బట్టలు తొడిగిండ్రు, గంతే. సంతల జనం బొమ్మల్లెక్క నిలబడ్డరు. గిది గా కత్తోడేనా?" అన్నాను. ఆ గొంతు నాది కాదు.

"నువ్వు ఆడావా?"

"ఆడాల్నా? సూస్తె తెలుస్తలేదా?"

"ఏం తెలుసురా నీకు? నువ్వసలు..." అంటూ బావ నిజంగానే కోపంతో లేచాడు. అప్పుడే అక్క నీళ్ళు తెచ్చింది. వద్దని చేత్తో తోసేశాడు. తోసేశాక ముగ్గురం ఆ చెంబు వైపే చూస్తూ ఉండిపోయాం.

"మళ్ళ పటేల్ తాతను పిలవాల్నా?" అంది అక్క. "కంపెనీ వచ్చిందా అని అడుగుతడు."

బావ కూర్చున్నాడు. నీళ్ళు తాగాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఆట మొదలుపెట్టాడు.

వీళ్ళు నోరు మూస్తే బాగుండునని ఖమ్మం గదిలో ఒక మూల కూర్చున్న ఆ కుర్రవాడు ఆ సంవత్సరం చదివిన పుస్తకాల్లో ఒక్కదాని పేరూ నాకిప్పుడు గుర్తు లేదు. వాళ్ళన్న మాటలు మాత్రం ఒక్కటీ మరిచిపోలేదు. మంచిదే, అవసరమవుతున్నాయి. ఇంకో భాగం తయారవుతోందని బావ చెప్పాడు. దాని మీద అన్నయ్య ఏమనేవాడో ఇప్పటి నుంచే ఆలోచించి పెట్టుకుంటున్నాను.