కత్తి చేతికివ్వకూడదు

మా ఆయన మామిడికాయల వ్యాపారి. నూజివీడు చుట్టుపక్కల తోటలు కౌలుకు తీసుకుంటారు. చెట్టు కింద నిలబడి తలెత్తి చూసి కాపు ఎంతో చెప్పేస్తారు గానీ, చేతిలో పెట్టిన కత్తి మంచిదో కాదో చెప్పలేరు. అందుకని మా ఇంట్లో కత్తుల వ్యవహారమంతా నాది. కొత్తది కొనాలంటే నేనే వెళ్ళాలి. స్టీలు సామాన్ల కొట్టతనికి నేనంటే హడల్. పిడి ఊపి చూస్తాను. రేకు పిడి చివరిదాకా వెళ్ళిందా, మధ్యలోనే ఆగి జిగురు మీద బతుకుతోందా అని చూస్తాను. అంచును వెలుతురుకి ఎదురుగా పట్టి చూస్తాను. ఎక్కడ తళుక్కుమంటే అక్కడ పదును లేనట్టు. "జపాన్ స్టీలమ్మా" అన్నాడంటే ఇక దాన్ని కొనే ప్రశ్నే లేదు. అంత గొప్ప కత్తి జపాన్ వదిలి మా ఊరెందుకొచ్చినట్టు?

"అనుమానం పెనుభూతం" అని మా ఆయన సామెత చదువుతుంటారు. చదువుకోనివ్వండి. మోసపోయాక ఏడవడం కంటే ముందే అనుమానించడం నయం.

కత్తి ఇంటికొచ్చాక నా చాదస్తం మొదలవుతుంది. సింకులో గిన్నెల మధ్య పడేయకూడదు. స్టీలు పళ్ళెంలో పెట్టి కోయకూడదు, చెక్క మీదే కోయాలి. కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. ఇనపదైతే కాస్త నువ్వులనూనె కూడా రాయాలి. ఇనపది మా ఇంట్లో ఒక్కటే ఉంది, అది మా అత్తగారిది. ఆవిడ పెళ్ళయిన కొత్తలో ఆగిరిపల్లిలో కమ్మరి చేత చేయించుకున్న పెద్ద కత్తి. ఏడాది పొడుగునా కూరలకి మామూలు కత్తులే వాడతారు గానీ, ఆవకాయకి మాత్రం అదే దిగాలి.

బజారులో ఆవకాయ ముక్కలు కొట్టిచ్చేవాళ్ళు ఉన్నారు. ఊరంతా వాళ్ళ దగ్గరే కొట్టించుకుంటుంది. మా అత్తగారు ఒప్పుకోరు. కాయను పీట మీద నిలబెట్టి ఒక్క వేటు వేస్తారు, రెండు చెక్కలవుతాయి. ప్రతి ముక్కకీ టెంక అంటుకుని ఉండాలి, లేకపోతే నెల తిరక్కుండా మెత్తబడిపోతుంది. ఆ పనిలో ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి. ఇంట్లో మిగతా పెత్తనాలన్నీ ఒక్కొక్కటే నాకు వదిలేశారు గానీ ఇది వదల్లేదు, నేనూ అడగలేదు.

ఆవిడకి ఇంకో పట్టింపు ఉంది. కత్తి చేతికివ్వకూడదు. ఇస్తే ఇచ్చినవాళ్ళకీ పుచ్చుకున్నవాళ్ళకీ గొడవలొస్తాయి. కింద పెట్టాలి, రెండోవాళ్ళు తీసుకోవాలి. కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి తెలియక అందించబోతే, పామును చూసినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. "ఇక్కడ పెట్టమ్మాయ్, నేను తీసుకుంటా" అన్నారు. ఈనాటికీ మా వంటింట్లో అదే చట్టం.

పోయినేడు ఆవకాయ ముక్కలు చెడ్డాయి. సగం ముక్కలకి టెంక ఊడిపోయింది, కొన్ని నలిగిపోయాయి. జాడీ సగానికి రాకముందే పచ్చడి మెత్తబడింది. ఈ ఏడు మాగాయలు, ఆవకాయల రోజులు దగ్గర పడుతుండగా అన్నం తింటూ మా ఆయన అన్నారు, "అమ్మా, ఈసారి బజారులో కొట్టించేద్దాంలే. నీకెందుకు శ్రమ."

మా అత్తగారు ముద్ద కలపడం ఆపేశారు. "అయితే ఇంక ఈ ఇంట్లో నేను చేసేదేముందిరా?" అన్నారు. మా ఆయన ఈ ఒక్క ఏడూ సరేనన్నారు గానీ, ఆ మాట నాకు గుచ్చుకుంది. తప్పు ఆవిడ చేతిది కాదు, కత్తిదని నా నమ్మకం. ఎందుకంటే కొన్నాళ్ళుగా మా ఇంట్లో ఒక్క కత్తికీ పదును నిలవడం లేదు. సాన పట్టించిన రోజు టమాటా తొక్క మీద పెడితే దానంతటదే దిగేది. నాలుగు రోజులకి అదే టమాటా చితికిపోయేది. ఎవరో పాడుచేస్తున్నారు. వాళ్ళెవరో పట్టుకుంటే మా అత్తగారి పీట ఆవిడకి నిలుస్తుంది.

మొదట సాన పట్టేవాడిని అనుమానించాను. మోపెడ్ మీద చక్రం కట్టుకుని మైలవరం వైపు నుంచి వస్తాడు. తొందరగా మళ్ళీ పిలవాలని పైపైన రుద్ది పోతున్నాడేమో అనుకుని, ఈసారి పక్కనే నిలబడి చూశాను. నిప్పురవ్వలు నా చీర మీద పడుతున్నా కదల్లేదు. బాగానే పట్టాడు. ఆ తర్వాత పనమ్మాయి మీదకి పోయింది మనసు. కొబ్బరికాయ పగలగొడుతోందేమోనని అడిగితే, "మీ కత్తుల జోలికెవరొస్తారండీ బాబూ, ముట్టుకుంటే లెక్చరిస్తారు" అంది. ఇక మా ఆయన. అట్టపెట్టెల తాళ్ళు కోయడానికి వంటింటి కత్తి పట్టుకెళ్ళారా అన్నాను. "నేనెందుకు తీస్తాను? నాకు కట్టర్ ఉంది" అని జేబు తడుముకున్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అనిపించి, రెండు రోజులు ఆయన్ని వదల్లేదు. కట్టర్ నిజంగానే జేబులో ఉంది.

ఇంతమందిని అనుమానించాను గానీ, మా అత్తగారి వైపు నా బుద్ధి పోలేదు. చేతి వేళ్ళకి ఈ మధ్య రోజూ పసుపు రాసుకుంటున్నారని మాత్రం గమనించాను. వయసొచ్చాక భక్తి పెరిగిందనుకున్నాను.

ఒక మధ్యాహ్నం సాన పట్టించిన కత్తులు గూట్లో పెట్టి, పక్క గదిలో నిద్రపోతున్నట్టు పడుకున్నాను. కాసేపటికి పెరట్లోంచి గరగరమని చప్పుడు. మెల్లగా వెళ్ళి కిటికీలోంచి చూశాను. మా అత్తగారు పాత రుబ్బురోలు పక్కన కూర్చుని, కూరల కత్తి అంచును రాతి అంచుకేసి నిలువుగా గీసి మొద్దు చేస్తున్నారు. గీసి, బొటనవేలితో తడిమి, మళ్ళీ గీశారు. తర్వాత ఇనప కత్తి అందుకున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు కలిసి కాపురం చేశాక ఇదా! నన్ను చేతకానిదాన్ని చేయడానికా? "కోడలికి కత్తి చూసుకోవడం కూడా రాదు" అని కొడుకు చేత అనిపించాలనా? అడగకుండా వచ్చేశాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు ఆ సాయంత్రం గిన్నెలన్నీ ఎత్తి పడేశాను. మా అత్తగారు ఏమిటని అడగలేదు. తేలు కుట్టిన దొంగలా గమ్మున కూర్చున్నారు. నా అనుమానం ఇంకా బలపడింది.

ఆవకాయ రోజున అందరి ముందూ తేల్చేద్దామనుకున్నాను. ముందు రోజే ఇనప కత్తికి సాన పట్టించి, బీరువాలో నా పట్టుచీరల కింద దాచాను. తెల్లవారాక మా ఆయన పుల్లటి కాయలు తెచ్చి, కడిగి, తడి లేకుండా తుడిచి వాకిట్లో ఆరబెట్టారు. మా అత్తగారు లోపల పీట ముందు కూర్చున్నారు. నేను బీరువాలోంచి కత్తి తీసుకొచ్చాను.

"సాన పట్టించానండీ అత్తయ్యగారూ. ఇప్పుడు టెంక ఎందుకు ఊడుతుందో చూద్దాం" అని, ఆవిడ ఎడమ పక్కన కింద పెట్టాను. ఎప్పుడూ కుడి పక్కన పెట్టేదాన్ని. ఆ రోజు కోపంలో ఎటు పడితే అటు పెట్టేశాను.

ఆవిడ చెయ్యి కుడి వైపు వెళ్ళింది. నేలంతా నెమ్మదిగా తడిమింది. పీట అంచు తగిలింది, కాయల పళ్ళెం తగిలింది. కత్తి పట్టపగలు, ఆవిడ మోకాలి పక్కనే, మెరుస్తూ ఉంది. ఆవిడ ముఖం దాని వైపే ఉంది. చెయ్యి మాత్రం ఇంకా వెతుకుతోంది. చివరికి ఎడమ చెయ్యి చాచారు. వేళ్ళు నేరుగా అంచు మీదకి పోతుంటే గభాలున ఆ చెయ్యి పట్టుకున్నాను. పసుపు కింద వేళ్ళ కొనలన్నీ గాట్లు. పాతవీ కొత్తవీ.

"ఎన్నాళ్ళయిందండీ?" అన్నాను.

"పోయినేడు మామిడికాయలప్పటి నుంచే మసక. ఇప్పుడు బొత్తిగా పొగ." గొంతు తగ్గించారు. "పదునుగా ఉంటే తెలిసేలోపే తెగుతోందమ్మాయ్. మొద్దు చేసుకుంటే తడుముకుని నెట్టుకొస్తున్నా. మీ ఆయనకి చెప్పకు, పీట మీద నుంచి లేపేస్తాడు."

"ఆపరేషన్ చేయించుకుంటే పోయేదానికి..."

"కంట్లో కత్తి పెడతారటే. ఆ కత్తికి పదునుందో లేదో ఎవరు చూస్తారు?"

నా మాటే నాకు అప్పజెప్పినట్టయింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంట్లో అందరినీ దొంగల్లా చూసిన నా కళ్ళకి, ఎదురుగా ఉన్న మనిషికి కళ్ళు కనబడటం లేదని తెలియలేదు.

"నేనొచ్చి చూస్తా" అన్నాను. "డాక్టరు దగ్గర కూడా వెలుతురుకి పట్టి చూస్తా. పచ్చడయ్యాక వెళ్దాం."

వాకిట్లోంచి మా ఆయన, "మొదలెట్టారా?" అని కేకేశారు. మా అత్తగారు నా వైపు కుడి అరచెయ్యి చాచారు.

"చేతికియ్యి."

"చేతికిస్తే గొడవలొస్తాయంటారుగా?"

"పడదాంలే. కింద పెడితే నాకు కనబడట్లేదు."

కత్తి తిప్పి, పిడి ఆవిడ అరచేతిలో పెట్టాను. ఒక కాయ తీసి పీట మీద నిలబెట్టి, నేనే పట్టుకున్నాను. ఆవిడ ఎడమ చేత్తో కాయ నెత్తిని తడిమారు. నా వేళ్ళు తగిలాయి.

"ఇంకాస్త కిందకి జరుపు" అన్నారు.

జరిపాను. కాయ మాత్రం వదల్లేదు.