వాదీ మట్టి, పుంటికూర గుంత

ఒమాన్‌లో మట్టి లేదని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక శుక్రవారం మస్కట్‌లో మత్రా బజారుకు పోతే, అజైబాలో ఆఫీసు ఉద్యోగం చేసే మన తెలుగాయన ఒకరు దుకాణంలో నా పక్కన నిలబడి, "బర్కాలో తోటపనా? ఆ ఇసుకలో ఏం పండిస్తారండీ?" అని అడిగారు. ఇసుకట! ఇన్నేళ్ళు ఈ దేశంలో ఉండి, కాలికింద ఏముందో ఒక్కసారి వంగి చూడని మనిషి. నేను అక్కడే మొదలుపెట్టాను. ఆయన జీలకర్ర పొట్లం పట్టుకుని మెల్లగా తలుపు వైపు జరిగారు. నేనూ జరిగాను. కారు దాకా చెప్పాను. ఆయన అద్దం ఎక్కించుకున్నారు. అందుకే మిగిలినది ఇక్కడ రాస్తున్నాను.

వాదీ అంటే ఏడాదంతా ఎండిపోయి ఉండే ఏరు. కొండల్లో వాన పడితే మాత్రం ఒక్క ఉరుకున వస్తుంది. వచ్చేటప్పుడు కొండనే గీరుకుని వస్తుంది. బండలను కొండ దగ్గరే దింపేస్తుంది. కొంచెం కిందికి వచ్చాక గులకరాళ్ళు, తర్వాత ఇసుక. సముద్రం దగ్గరి చదునుకు వచ్చేసరికి దాని ఊపిరి అయిపోతుంది. అప్పుడు చివరి బరువు దించుతుంది. అదే ఒండ్రు. శనగపిండి అంత మెత్తన, పాలు ఎక్కువైన చాయ్ రంగు. బర్కాలో ఖర్జూరాలు, నిమ్మచెట్లు, పశువుల గడ్డి, అన్నీ దాని మీదే బతుకుతున్నాయి. నేను ఏడో తరగతి దాటలేదు. కానీ మట్టి మీద రాసింది ఏది దొరికినా, మిర్చి బజ్జీలు కట్టి ఇచ్చిన కాగితమైనా సరే, నూనె తుడిచి చదివినవాణ్ణి.

వేసవికి ముందు ఒకసారి వాదీ మా తోట వెనక గోడ కూల్చి లోపలికి వచ్చి, ఖర్జూరాల వెనక ఖాళీగా ఉన్న పట్టీ మీద మోకాలి లోతు ఒండ్రు పోసి పోయింది. మా అర్బాబ్, అంటే తోట యజమాని, అందులో మేతగడ్డి వేస్తానన్నాడు. నేను అడ్డం పడ్డాను. ఈ తోటలో నా నడుం వంగిపోయింది. చెట్లన్నీ నా చేతి నీళ్ళు తాగినవే. అయినా నా ఇష్టంతో ఒక్క గింజ భూమిలో వేసింది లేదు. ఆ పట్టీలో పుంటికూర వేస్తాను, నాకు ఇవ్వమన్నాను. ఆంధ్రావాళ్ళ గోంగూరే మా పుంటికూర. మస్కట్ దుకాణాల్లో దొరికేది వాడిపోయి, ఆస్పత్రి నుంచి ఇంటికి పంపించేసిన రోగిలా ఉంటుంది.

అర్బాబ్ గడ్డం గోక్కున్నాడు. "సర్దీ తక్ హరా, తో తుమారా. నై తో ఘాస్" అన్నాడు. చలి ముదిరేలోగా పచ్చబడితే నాది, లేకపోతే గడ్డిది. చెయ్యి కలిపాడు. ఇక్కడ చెయ్యి కలిపితే మాటే.

నాతో రూమ్‌లో ఉండేవాడు నిజామాబాద్ వైపువాడు. నాకంటే చిన్నవాడు, నన్ను కాకా అంటాడు, నా మాట మాత్రం వినడు. పుట్టింది వరి మళ్ళలో. ఎండలు తగ్గగానే పట్టీ చూసి చొక్కా విప్పాడు.

"కాకా, మడి కడుదాం. నిండ నీళ్ళిడిసి కరిగెట జేద్దాం. కాళ్ళతోని తొక్కకుంటే అది మట్టెట్లయితది?"

"తొక్కుడు వరికిరా. మనమేసేది పుంటికూర."

"మనమేమేస్తున్నమో మట్టికి ఎర్కయితదా?"

"మట్టికే ఎర్కయితది! నీకే కాదు."

"నీ పుస్తకంల ఉన్నదా?"

పుస్తకంలో ఉందో లేదో నాకు గుర్తు రాలేదు. అదే వాడికి అలుసైంది. బావి నీళ్ళు వదిలాడు. వద్దన్నాను. గట్టిగా వద్దన్నానా అంటే, ఆ బురద వాసన ముక్కుకు తగిలాక ఎవరి గొంతు మాత్రం గట్టిగా వస్తుంది? నేనూ లుంగీ ఎగగట్టి దిగాను. ఇద్దరం పిక్కల లోతు బురదలో ఒకరి భుజం ఒకరు పట్టుకుని పట్టీ ఈ కొస నుంచి ఆ కొసకు తొక్కాం. అర్బాబ్ కారు ఆపి చూశాడు.

"యే క్యా? డాన్స్?"

"ఖేతీ, అర్బాబ్! ఇండియా స్టైల్!" అని వాడు అరిచాడు.

నున్నగా చదును చేసి గింజలు చల్లాం. చూడడానికి అద్దం. తర్వాత ఎండింది. అద్దం కాస్తా పగిలింది. పగిలిన ముక్కలు అప్పడాల్లా అంచులు పైకి లేపాయి. అప్పడమైతే వేలితో విరుగుతుంది, వీటిని పార మడమతో కొట్టాను, కుండ మోగినట్టు మోగాయి. కింద గింజలు మొలిచాయి, నేను ఒక పెంకు లేపి చూశాను. తెల్లటి మొలకలు, పైకి దారి లేక తలలు వంచుకుని పక్కకు పాకుతున్నాయి, పాపం. దానికి తోడు పెంకుల అంచుల మీద తెల్లటి పొడి పేరింది. వాడు వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఉప్పు కాకా."

"ఉప్పు కాక చక్కెర వస్తదా? సముద్రం గీడనే ఉన్నది. బావి నీళ్ళల్లనే ఉన్నది ఉప్పు. నువ్వు మడి నిండ పోసినవు. నీళ్ళు ఎండకు పోయినై, ఉప్పు మనకు మిగిలింది."

"మరి గీ గట్టిదనం?"

దానికి జవాబు చూపిస్తానని రూమ్ నుంచి సిర్కా, అంటే వెనిగర్, సీసా తెచ్చి ఒక పెంకు మీద పోశాను. బుస్సుమని నురగ లేచింది.

"చూసినవా? ఆ కొండలు సున్నపు కొండలు. గీ మట్టి నిండ సున్నమే. దాన్ని మెత్తగ తొక్కి ఆరబెడితే గచ్చయితది."

వాడు వంగి నురగ చూశాడు. "కాకా, సీసాలల్ల నింపి గోలీసోడా అని అమ్ముకుందాం. పుంటికూర కంటే లాభం" అన్నాడు. రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. వండింది మాత్రం వాడే, తిన్నాను.

అంతలో అర్బాబ్ తల్లి వచ్చింది. తోటలో అర్బాబ్ అందరికీ అర్బాబ్, ఆమె అర్బాబ్‌కు అర్బాబ్. చేతికర్రతో నా పట్టీ మీదికి నేరుగా నడిచి, ఒక పెంకును టకటక కొట్టి, చేతిలోకి తీసుకుని, చెంపకు ఆనించుకుంది.

"తీన్ జైన్!" అంది. మంచి మట్టి అని.

నా కడుపు నిండింది. ఇంతకాలానికి ఈ మట్టి విలువ తెలిసిన మనిషి దొరికిందనుకున్నాను. వెంటనే ఆమె కర్రతో ఖర్జూరాల కొట్టు వైపు చూపించింది. అది ఆమె తండ్రి కట్టిన మట్టి గది. గోడలు పెచ్చులూడిపోయాయి. సిమెంటు పూస్తే ఖర్జూరాలకు చెమట పడుతుందని ఆమె కొడుకును పూయనివ్వలేదు. ఇప్పుడు ఈ మట్టిలో గడ్డిపరకలు కలిపి పూయాలట. ఎవరు? మేమే. మట్టి ఎక్కడిది? నా పట్టీదే.

"అర్బాబ్! మీరు చెయ్యి కలిపారు!" అని హిందీలో మొత్తుకున్నాను.

అర్బాబ్ చేతులు రెండూ పైకెత్తి, "మామా బోలా" అన్నాడు. అమ్మ చెప్పింది, ఇక అంతే. అంతటి మనిషి, మూడు బావుల యజమాని, నా ముందు పదేళ్ళ పిల్లాడిలా నిలబడ్డాడు.

నా పొలాన్ని నా పారతోనే తవ్వి గోడకు పూశాను. నిచ్చెన మీద వాడు, కింద నేను. గోడ మాత్రం ఆరాక ఎంత చక్కగా వచ్చిందంటే, చెయ్యి పెడితే చల్లగా, గీత లేకుండా, నాకు దాన్ని చూస్తే ఇంకా కోపం వచ్చింది.

"పంట రాకున్నా గోడొచ్చింది కాకా. కోసుకుందామా?" అన్నాడు పైనుంచి వాడు. వాడి తల మీద పడేలా ఒక ముద్ద విసిరాను. గోడకు తగిలింది. దాన్నీ వాడు నున్నగా పూసేశాడు.

పట్టీలో మిగిలింది నడుంలోతు గుంత. చలి అప్పటికే మొదలైంది. అర్బాబ్ గడ్డి విత్తనాల బస్తా తెప్పించి షెడ్డులో పెట్టాడు. నేను గుంతలో దిగి కూర్చున్నాను, ఏడవడానికి కాదు, నీడ కోసం. అప్పుడు గుంత గోడ నా కళ్ళెదుట ఉంది. పైన ఒండ్రు, దాని కింద జానెడు ఇసుక, మళ్ళీ ఒండ్రు, మళ్ళీ ఇసుక. వాదీ వచ్చిన ప్రతిసారీ ఒక పొర. గోకి చూస్తే కింది పొర చల్లగా, తడిగా ఉంది. పై మట్టి నీళ్ళను కదలనివ్వదు, ఇసుక నిలవనివ్వదు. రెండూ కలిస్తే?

"అరేయ్, కిందికి రా! కాళ్ళు మాత్రం పైన ఇడిసిపెట్టి రా!"

ఇద్దరం ఇసుకనూ ఒండ్రునూ చేతులతో కలిపాం. మట్టిని వరసలుగా ఎగదోసి బోదెలు కట్టి, ఉప్పు బోదె నెత్తికెక్కుతుందని గింజలు పక్క వాలున పెట్టాం. నీళ్ళు తడి ఆరినప్పుడు మాత్రమే వదిలాం. పై పొర బిగిసినప్పుడల్లా వాడు ఇనుప దువ్వెనలాంటి పనిముట్టుతో గీరాడు, నేను పక్కన నిలబడి తిట్టాను. ఎర్ర కాడలతో పుంటికూర లేచింది.

అర్బాబ్ గుంత అంచున నిలబడి, "యే జమీన్ నై. గడ్డా హై" అన్నాడు. ఒప్పందం నేల మీదట, గుంత మీద కాదట. గుంతలోది నేల కాదా అని మొత్తుకున్నాను. అతని తల్లి కర్ర చాపి ఒక కొమ్మ తెంపించుకుని, నమిలి, ముఖమంతా ముడుచుకుని, మళ్ళీ నమిలింది. "సమక్!" అంది. చేపలో వేయాలట. కొడుకు వైపు చూసింది. అర్బాబ్ నాతో మళ్ళీ చెయ్యి కలిపాడు. గుంత నాది, చుట్టూ నేల గడ్డిది.

ఇప్పుడు గొడవంతా ఆ తల్లితోనే. మట్టి గోడకు ఏటా పూత పడాలి. కాబట్టి వాదీ గుంతలోకి వచ్చి కొత్త ఒండ్రు పోయాలని ఆమె కోరిక. వాదీ వస్తే నా పుంటికూర పూడుకుపోతుంది. నేను గుంత చుట్టూ గట్టు వేశాను. ఆమె కొండ వైపు గట్టుకు కర్రతో గండి పెట్టింది. పూడ్చాను. మళ్ళీ పెట్టింది. కూర కోసి ఇస్తే నవ్వుతూ తీసుకుంటుంది, పోతూ పోతూ గండి ఇంకొంచెం వెడల్పు చేస్తుంది. ఈ మధ్యాహ్నం కొండల మీద మబ్బు పట్టింది. పార తీసుకుని పోయాను. ఆమె అప్పటికే గట్టు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుని ఉంది, సరిగ్గా గండిలో.