దాదా ముందుపన్ను

మా ఇంట్లో ఇప్పుడు ఇత్తడి సామానంటూ మిగిలింది ఒక్క గిన్నె. ఎప్పుడైనా బుద్ధి పుట్టి దాన్ని చింతపండుతో తోమితే, ఆ పులుపూ ఇత్తడీ కలిసిన వాసన చేతులకు అంటుకుంటుంది. ఇక ఆ పూటంతా నేను కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే పాత రోడ్డు మీదే ఉంటాను. ఒకప్పుడు రాములవారి కల్యాణానికి జనం కాలినడకన పోయిన దారి అది. వేసవి సెలవుల్లో మా బ్యాండు మేళం ఆ దారెంట ఊరూరా పెళ్లిళ్లకు వాయిస్తూ పోయేది. ఏ చెట్టు కింద బండి ఆగినా అబ్బా, అంటే మా నాన్న, ముందు తన ట్రంపెట్‌ను చింతపండుతో మెరిపించుకున్నాకే తన మొహం కడుక్కునేవాడు.

మాదేమంత గొప్ప మేళం కాదు. క్లారినెట్ దాదాది, అంటే అబ్బా వాళ్ల నాన్నది. పెద్ద డోలు ఎల్లయ్య మామది. డొక్కు వ్యాను నడిపేదీ, మూడు రాళ్లు పెట్టి వంట చేసేదీ కూడా ఆయనే. అమ్మ చంటి తమ్ముడితో పుట్టింటికి పోయేది కాబట్టి తాళానికి ఆడించమని నా చేతికి రెండు గిలక్కాయలిచ్చి నన్నూ వ్యాను ఎక్కించేవారు. లాడ్జీలో దిగే స్తోమత మాకెక్కడిది? సెలవులకు మూతపడ్డ బడుల వరండాల్లో పడుకునేవాళ్లం. తెల్లారేసరికి అడవిలోంచి ఇప్పపువ్వు వాసన మత్తుగా వచ్చి దుప్పట్లలో దూరేది. ఎండుతున్న తునికాకు కట్టల పక్కన మా ఎర్రకోట్లు కూడా తీగ మీద ఆరుతూ, గాలికి చేతులూపుతూ ఉండేవి. కిన్నెరసాని ఒడ్డున స్నానాలు, మధ్యాహ్నం మామిడికాయ పచ్చడీ వేడన్నమూ, మళ్లీ బండి. టేకుచెట్ల నీడలు కిటికీలోంచి నా ఒళ్లోకి వచ్చి పోతుంటే నేను మేలుకున్నానో నిద్రపోయానో నాకే తెలిసేది కాదు.

ఆ ఏడు మాత్రం మా అందరి ప్రాణాలూ దాదా ముందుపన్ను మీదే ఉన్నాయి. క్లారినెట్ మూతి ఆనేది పైవరస ముందుపన్నుకే. అది కాస్తా కదలడం మొదలుపెట్టింది. ఆ వేసవి చివర, గోదావరికి ఇవతల అడవి అంచు ఊళ్లో, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఒక రైతు కుటుంబంలో పెళ్లి ఉంది. ఆ ఇంట ప్రతి పెళ్లికీ మగపెళ్లివారికి ఎదురెళ్లి ఎదురుకోలు వాయించింది దాదాయే. ఈ పెళ్లికూతురు పుట్టినప్పుడే, "ఈ పిల్ల ఎదురుకోలు వాయించి క్లారినెట్ కింద పెడత" అని వాళ్ల నాయనమ్మ రంగమ్మ గారికి మాటిచ్చాడట. ఆ ఒక్క సాయంత్రం దాకా పన్ను నిలిస్తే చాలు.

ఇక చూడాలి మా సేవలు! దాదాకు రొట్టె పాలలో నానబెట్టి, మామిడిపండు రసం పిండి ఇచ్చేవాళ్లం. గుంత కనిపిస్తే ఎల్లయ్య మామ బండిని దాదాపు చేత్తో ఎత్తి దించినంత మెల్లగా పోనిచ్చేవాడు.

"గింత మెల్లగ నడిపితే పెళ్లి అయినంక చేరుతం బయ్" అనేవాడు దాదా.

"నీ పన్ను పోతే పెళ్లికి పోయి ఏం లాభం దాదా?" అనేవాడు ఎల్లయ్య మామ.

పొద్దున లేవగానే దాదా నా ముందు నోరు తెరిచేవాడు. "చూడు బేటీ, ఉన్నదా?" ఉన్నదనేదాన్ని. అందరం టీ తాగేవాళ్లం.

పన్నుతో సహా ఆ ఊరు చేరాం. ఎదురుకోలుకు ముందు మేళంవాళ్లకు ఇంటి పెద్దావిడ తన చేత్తో వడ్డించడం ఆ ఇంటి ఆనవాయితీ. వాళ్లు తినందే డోలు మీద దెబ్బ పడకూడదు. రంగమ్మ గారు అన్నం పెట్టాక దాదా విస్తట్లో ఒక అరిసె వేశారు. అబ్బా వద్దని కళ్లతో సైగ చేశాడు.

"తినండి సాయిబు గారూ, మీకోసం నేనే వండాను. ఈ చేతులతో ఇంక ఏ పెళ్లికి వండుతాను?" అన్నారావిడ.

దాదా కాదనలేకపోయాడు. పాకం ముదిరిన అరిసె. కొరికాడు. పన్ను అరిసెలోనే ఉండిపోయింది.

రంగమ్మ గారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. అప్పటికే ఊరి పొలిమేరలో మగపెళ్లివారి ట్రాక్టర్ల చప్పుడు వినిపిస్తోంది. "నేను ట్రంపెట్ మీద కానిస్త, నువ్వు కూసో" అన్నాడు అబ్బా. దాదా వినలేదు. "పన్నే గద పోయింది, పెదవి ఉన్నది" అని పైపెదవిని లోపలికి మడిచి, దాని మీద క్లారినెట్ ఆనించి ఊదాడు.

మొదట కీచుమంది. కుర్రాళ్లు నవ్వారు. తర్వాత వచ్చిన ధ్వని నేనెన్నడూ విననిది. మెత్తగా, లోగొంతుకతో మాట్లాడినట్టు. చిందేసి ఎగరడానికి సిద్ధమైనవాళ్లు ఎగరడం మాని నడవసాగారు. ఎల్లయ్య మామ కర్ర వదిలేసి డోలును వేళ్లతో తాకాడు. అబ్బా ట్రంపెట్ దించేశాడు. సాయంత్రపు దుమ్ము ఎర్రగా లేస్తుంటే, ఊరు ఊరంతా నిద్రలో నడుస్తున్నట్టు పందిరి దాకా కదిలింది. అక్కడ దాదా ఎర్రకోటు చేతితో మూతి తుడుచుకున్నాడు. ఆ ఎరుపులో కలిసిపోయింది నెత్తురని పక్కనున్న నాకు తెలిసి ఏడుపొచ్చింది.

"ఏంది బేటీ, మంచిగ లేదా?"

"మంచిగున్నది దాదా."

అన్న మాట ప్రకారం ఆయన మళ్లీ వాయించలేదు. ఆ తర్వాత మేళం ఎన్నాళ్లో నిలవలేదు. ఇప్పుడా రోడ్డు వెడల్పయింది. టేకు నీడలు రోడ్డును అందుకోలేవు. ఎదురుకోళ్లకు డీజే బండ్లు వస్తున్నాయి. వాయించేవాళ్లే లేనప్పుడు ముందుగా వాళ్లకు అన్నం పెట్టేదెవరు? దాదా పోయాడు, రంగమ్మ గారూ పోయారు. అరిసె రంగు కూడా నాకింకా కళ్లకు కట్టినట్టుంది కానీ, ఆ రోజు దాదా ఏ పాట వాయించాడో ఎంత తన్నుకున్నా గుర్తు రాదు. మొన్న అబ్బాను అడిగాను.

"పాట ఎవరు విన్నరు బేటీ? అందరం ఆయన పెదవులే చూసినం" అన్నాడు.