పూజలో పెట్టిన గేరాయిలు

నిదానమే ప్రధానం అని మా నాయన, ఆలస్యం అమృతం విషం అని నేను. నాకు మాటలొచ్చినప్పటి నుంచీ మా ఇంట్లో నడిచిన వ్యాజ్యం ఇది. కాఫీ కాగకముందే గ్లాసు పట్టుకొని పొయ్యి దగ్గర నిలబడే రకం నేను. ఆయన మాత్రం పికప్ బండికి గేరాయిలు మార్చాలంటే పొద్దంతా తీసుకునేవాడు.

పెనుకొండకు దగ్గర పల్లె మాది. మల్బరీ తోట ఉండేది. తొంభైల చివర్లో నాయన ఒక పాత పికప్ కొన్నాడు. మా పట్టుగూళ్లూ, చుట్టుపక్కల రైతులవీ హిందూపురం మార్కెట్టుకు వేసుకుపోయేవాడు. ఏటా ఆయుధపూజ నాడు ఆ బండి గేర్‌బాక్సులో నూనె మార్చేవాడు. అలా చెయ్యమని ఏ మెకానిక్కూ చెప్పలేదు. పాత నూనె కడుపులో పెట్టుకొని బండి పూజకు కూచోకూడదనేది ఆయన సొంత శాస్త్రం.

ఆ ఏడు దసరాకు మా అక్క కాన్పుకు వచ్చి ఇంట్లో ఉంది. అత్తవారిది ధర్మవరం దాటి ముదిగుబ్బ వైపు ఒక పల్లె. రెండేళ్ల కిందట మొదటి కాన్పుకు మేము పిలుచుకు రాకముందే అక్కడే నొప్పులొచ్చాయి. ఆఖరి బస్సు వెళ్లిపోయింది. ఎవరిదో బండి దొరికి ధర్మవరం ఆసుపత్రికి చేరేసరికి బిడ్డ దక్కలేదు. అందుకే ఈసారి నెలలు నిండకముందే నాయన పోయి, మా ఇంట్లో బండి ఉంది, మీకేం భయం వద్దని అత్తవారికి మాటిచ్చి అక్కను తెచ్చుకున్నాడు. ఇప్పట్లా ఫోను కొడితే వచ్చే అంబులెన్సులు అప్పుడు లేవు.

పండగనాడు పొద్దున్నే నాయన హిందూపురంలో గూళ్లు దించి వచ్చాడు. ఇంజను వేడి మీదుండగానే బండి కిందికి దూరి, గేర్‌బాక్సు అడుగు నట్టు విప్పాడు. వేడి మీద నూనె బాగా జారుతుందంటాడు. నల్లటి నూనె బేసిన్‌లోకి ధారగా కారి, తర్వాత బొట్లు బొట్లుగా పడుతూనే ఉంది. ఆ బొట్లు చూస్తే నాకు పిచ్చెక్కుతుంది. ఆయన పక్కనే గొంతుక్కూచొని, ఆఖరి బొట్టు దాకా ఆగి, నట్టు బిగించాడు.

ఇంతలో రాహుకాలం వస్తోందని అవ్వ లోపల్నుంచి కేకేసింది. కొత్త నూనె పొయ్యడానికి టైము చాలదు. నాయన పానాలు, జాకీ, గరాటు, రబ్బరు ట్యూబుతో పాటు సీలు తియ్యని గేరాయిలు డబ్బాను కూడా కడిగి పీట మీద పేర్చాడు. అన్నిటికీ కుంకుమ బొట్లు పెట్టాడు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టాడు. పూజకు పెట్టిన పనిముట్టును మర్నాడు పొద్దున దీపం పెట్టి కదిలించేదాకా ఎవరూ తాకకూడదు. మా వైపు అందరికీ తెలిసిన పద్ధతే. కానీ ఖాళీ గేర్‌బాక్సుతో బండిని ఉంచి, దాని నూనెను పూజలో పెట్టే ఘనుడు మా నాయన ఒక్కడే.

అక్కకు నొప్పులొస్తే ఎట్లని నేను అడిగాను. డాక్టరమ్మ ఇంకా టైముందని చెప్పింది కదా, రేపు లేస్తూనే పోస్తానన్నాడు. నేను గొణుక్కుంటూ లోపలికి పోయాను.

మధ్యాహ్నం బొబ్బట్లు తిని అందరూ ఒరిగిన వేళకు అక్క గోడ పట్టుకొని నిలబడింది. ముఖం తెల్లబోయింది. అమ్మ ఒక్క చూపు చూసి, పరుపు బండిలో వెయ్యమంది. ఊర్లో ఇంకో బండంటే ట్రాక్టరే. దాన్ని వాళ్లు పొద్దున్నే పూజ చేసుకొని పరిగికి చుట్టాలింటికి తోలుకుపోయారు. బస్సు సాయంత్రానికి గానీ లేదు.

నేను పరుపు లాక్కొని బయటికొచ్చేసరికి నాయన పీట ముందు నిలబడి ఉన్నాడు. చెయ్యి చాస్తాడు, వెనక్కి తీసుకుంటాడు. నా ఒళ్లు మండిపోయింది. కూతురి కంటే కుంకుమ బొట్టు ఎక్కువైందా అని అనేశాను. ఆయన నా వైపు తిరగలేదు.

"ముందటేడు ఇట్లే పూజలో నుంచి పానా తీసినా, పాపా. బోరు మోటారు ఆగిపోయిందని. నెల తిరక్కముందే ఏమయిందో చూసినాము గదా."

రెండేళ్లుగా ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. ఆ బిడ్డ చావును తన చేతుల మీదే వేసుకొని తిరుగుతున్నాడని మాకెవరికీ తెలియదు.

అవ్వకు అంత తటపటాయింపు లేదు. చేతికర్ర గోడకు ఆనించి, వంగి, డబ్బా ఎత్తుకొచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"నువ్వు పానా తీసినావని కాదురా ఆ బిడ్డ పోయింది. బండి లేక పోయింది. పాపమంటావా, నాకు రానీలే, నాకింక ఎన్నాళ్లు."

నాయన కుంకుమ పూసిన పానా పట్టుకొని బండి కింద వెల్లకిలా దూరాడు. నేను బానెట్టు ఎత్తి, గరాటుకు తగిలించిన ట్యూబును కిందికి దించాను. దాని కొసను ఆయన గేర్‌బాక్సు పక్క బెజ్జంలో పెట్టి పట్టుకున్నాడు. నేను పై నుంచి పొయ్యడం మొదలుపెట్టాను.

గేరాయిలు ఆముదం కంటే చిక్కన. గరాటు నిండిందంటే దిగదు. డబ్బా వంచి నిలబడటం తప్ప చేసేదేమీ లేదు. అక్క అరుగు మీద కూచొని అమ్మ భుజం కొరుకుతోంది. నేను కాలు మార్చి కాలు మీద నిలబడుతున్నాను. ట్యూబును పిండాను, గరాటును తట్టాను, దేవుణ్ణి తిట్టాను. నూనె తన దారిన తను దిగింది. సగం డబ్బా అయ్యాక నేనిక ఆగలేకపోయాను. ఇంత పోసింది చాలు, హిందూపురం దాకా పోకపోతుందా, లేచి రమ్మని అరిచాను.

"బెజ్జంలో నుంచి పొర్లేదాకా పొయ్యి. సగం నూనెతో పోయి ఏ మిట్ట మీదో గేరు పట్టేస్తే, మళ్లా అదే కత. ఈసారి నేను తట్టుకోలేను."

కిందనుంచి గొంతు మాత్రమే వచ్చింది. ఆయన నిదానం అంతా భయమేనని నాకు అప్పుడు తెలిసింది. నోరు మూసుకొని మిగతాది పోశాను. పొర్లిందని చెప్పి, బెజ్జానికి నట్టు బిగించి, ఆయన బయటికి వచ్చాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

నిమ్మకాయల మీదుగా బండి కదిలింది. అమ్మా అక్కా వెనక పరుపు మీద, అవ్వా నేనూ ముందు. దారంతా నా కళ్లు నాయన చేతి మీదే. మిట్ట దగ్గర ఆయన గేరు మార్చాడు. వెన్నలో కత్తి దిగినట్టు గేరు పడింది. ఆయన ముఖంలో మాత్రం ఏమీ మారలేదు.

హిందూపురం ఆసుపత్రిలో అక్కను లోపలికి తీసుకుపోయాక నాయన కూచోలేకపోయాడు. నేనంటే సరే, ఎప్పుడూ అంతే. ఆయన మాటిమాటికీ బయటికి పోయి, బండి కిందికి వంగి, నట్టు కారుతోందేమోనని వేలితో తడిమి వచ్చేవాడు. తుడుచుకోమని నేనిచ్చిన టవలు భుజం మీదే ఉండిపోయింది.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమమని నర్సమ్మ చెప్పి, బిడ్డను తెచ్చి చూపించింది. నాయన రెండడుగులు వెనక్కి వేశాడు. చేతులు మసిగా ఉన్నాయి, నేను ముట్టుకోనన్నాడు. అవ్వ ఆయన మణికట్టు పట్టి లాగింది. ఆయన వేలి మీది నల్లటి జిడ్డును తన వేలితో తీసి, బిడ్డ అరికాల్లో దిష్టిచుక్క పెట్టింది. నర్సమ్మ లబోదిబోమంది. అవ్వ వినలేదు. నాయన అక్కడే గోడకు ఆనుకొని, ముఖానికి టవలు అడ్డం పెట్టుకొని ఏడ్చాడు.

మరుసటి ఏడు నుంచి గేరాయిలు పండగకు వారం ముందే మారేది. ఆయుధపూజ నాడు మాత్రం పీట మీద అన్నీ ఉండేవి, ఒక్క పానా తప్ప. అది కుంకుమ లేకుండా డ్రైవరు సీటు కింద ఉండేది. అన్నిటికీ పూజ చేసి దానికొక్కదానికి ఎందుకు చెయ్యలేదని ఒకసారి అడిగాను. అప్పటికి నడుస్తున్న మనవరాలు బండి చక్రం దగ్గర నిమ్మకాయ లాగుతోంది. నాయన పిల్లను ఎత్తుకొని చంకలో వేసుకున్నాడు.

"దానికి యాడ తీరుతాది పాపా. అది డ్యూటీలో ఉండాది."