పొంగణాల పెనంలో ట్యాపెట్లు

బెంగుళూరు, శనివారం సాయంత్రం

అక్కా, నా రాత కోడి గెలికినట్టు ఉందని నవ్వకు. తప్పులుంటే దిద్దుకుని చదువు. నేను చదివింది నాలుగో తరగతేగా.

ఈ రోజు మా అత్తకు ఎదురు చెప్పాను. మా ఆయన ఇంటి వెనక షెడ్డులో బొమ్మనహళ్ళి వాళ్ల పాత కారు ఇంజిన్ విప్పి, అందులో వాల్వులను తోసే ఎనిమిది ట్యాపెట్లను కిరసనాయిలుతో కడగమని నాకిచ్చి బయటికెళ్లారు. ఒక్కొక్కటీ క్యామ్ షాఫ్ట్ అనే తిరిగే కడ్డీ మీద తన చోటికి తగ్గట్టు అరిగి ఉంటుందట. చోటు మారితే అదీ, ఆ కడ్డీ రెండూ పాడవుతాయి. పోయిన నెల ఒక ఇంజిన్ అలాగే చెడింది. ఇదీ చెడితే మా షెడ్డుకు ఇక ఎవరూ రారు. అందుకే వాటిని వరుసగా పొంగణాల పెనం గుంతల్లో పెట్టి, మొదటిదాని పక్కన కుంకుమ బొట్టు పెట్టాను.

అంతలో అత్త వచ్చింది.

"పిండి పులిసిపోతా ఉండాది. ఆ ఇనుప ముక్కలు చాటలో పోసి పెనం ఇయ్యే."

"ఇయ్యనత్తా. ఏ గుంతలోది ఆ గుంతలోనే ఉండల్ల."

"అట్లనా? రేపు ఇడ్లీ పాత్ర కూడా ఆ కారుకే ఇచ్చేయమ్మా!"

అయినా పెనం ఒళ్లో పెట్టుకుని ఆయన వచ్చేదాకా కదల్లేదు. ఆయన వాటికి నూనె పట్టించి, వరుస తప్పకుండా అమర్చారు. ఇంజిన్ టకటకమనకుండా తిరిగింది. అత్త ఆ పిండితో దోసెలు పోసింది గానీ నాతో మాట్లాడలేదు.

నువ్వైతే పెనం ఇచ్చేదానివా? రాయి. ఈ జాబు మాత్రం చదవగానే పొయ్యిలో వేసెయ్యి. అమ్మ చూస్తే, అత్తకు తప్పైందని చెప్పమంటుంది. నేను చెప్పను.