తుపాకుల కింద అడుగులు

కళ్ళు మూసుకుని కూర్చున్న మనిషికి, అడుగుల చప్పుడు ముందునుంచి వస్తోందో వెనకనుంచి వస్తోందో ఎలా తెలుస్తుంది? కుడి ఎడమల సంగతి సరే, చెవులు రెండున్నాయి. మరి ముందూ వెనకా? మా చెల్లెలి కూతురు నన్నీ ప్రశ్న అడిగి చాలా ఏళ్ళయింది. చెవి డొప్ప ఆకారం వల్ల అని ఎక్కడో చదివాను. చదివాను గానీ సమాధానం దొరికినట్టు అనిపించలేదు.

ఆఫీసులో ఆమెను చెవులపిల్లి అనేవారు. తుపాకులతో కాల్చుకునే వీడియో గేములకు చప్పుళ్ళు తయారుచేయడం ఆమె పని. నేను అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగం నుంచి రిటైరై ఇంట్లో పుస్తకాలు చదువుకుంటున్న రోజుల్లో, ఆఫీసుకు దగ్గరని మా వెనక గదిలో దిగింది. వారం తిరక్కుండానే గోడలకు పాత దుప్పట్లు వేలాడదీసింది. ఫ్రిజ్ మోగుతోందని ప్లగ్గు పీకేసి పాలు విరగ్గొట్టింది. గోడగడియారాన్ని బట్టల మధ్య బీరువాలో పెట్టింది. టైము ఎంతయిందో చూడాలంటే నేను చీరలు కదపాల్సి వచ్చేది.

ఒకరోజు హాల్లో పెద్ద ట్రే నిండా కంకర పోసి, నా ముందు ఒక జత బూట్లు పెట్టింది.

"పెద్దమ్మా, ఇవి తొడుక్కుని దీని మీద నడువు."

"ఏమిటే ఈ వేషం?"

"నువ్వు శత్రు సైనికుడివి. పాడుబడ్డ ఫ్యాక్టరీలో ఆటగాడి వెనకే వస్తున్నావు."

"ఈ మోకాళ్ళతోనా? నన్ను చూసి ఎవడు భయపడతాడే?"

"నిన్నెవరు చూస్తారు? వింటారంతే. ఎడమకాలు కాస్త ఈడుస్తావు చూడు, అదే కావాలి నాకు. ఆఫీసు కుర్రాళ్ళ చేత నడిపిస్తే పెళ్ళికెళ్తున్నట్టు నడిచారు."

కంకర మీద, తడి సిమెంటు మీద, ఇనుప రేకు మీద రెండు నెలలు నడిపించింది. "మళ్ళీ" అనడమే తప్ప బాగుందని ఒక్కసారీ అనలేదు. చివరికి హెడ్‌సెట్ నా తలకు తగిలించి, తెరముందు కూర్చోబెట్టింది.

మెత్తటి గిన్నెలు చెవుల్ని మూసేయగానే నా ఇల్లు మాయమైంది. ఎక్కడో పైపులోంచి నీటిచుక్క పడుతోంది. దూరంగా రేకు తలుపు గాలికి కొట్టుకుంటోంది. నా ఊపిరి అనుకున్నది నాది కాదు, ఆటలోని మనిషిది. తెర మీద బొమ్మ చూస్తే బొమ్మలాగే ఉంది. కానీ ఎడమపక్క, కాస్త వెనగ్గా, ఎవరో కాలీడుస్తూ ఆగారు. నేను కుర్చీలో గిరుక్కున తిరిగి కిటికీ తెర వంక చూశాను.

చెవులపిల్లి చప్పట్లు కొట్టింది. "నీ అడుగులకి నువ్వే జడుసుకున్నావు పెద్దమ్మా!"

ఆ అడుగుల కోసమే ఆమె రెండేళ్ళు కూర్చుంది. ఆటగాడు కళ్ళతో కాదు, చెవులతో బతకాలని ఆమె పంతం. గేము బయటికి రావడానికి నెలరోజుల ముందు టెస్టింగ్ గదినుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. అడుగులు ఎడమన వినిపిస్తున్నాయట, సైనికుడు కుడినుంచి వచ్చి కాలుస్తున్నాడట. పన్నెండు మంది ఆడితే పన్నెండు మందీ అదే మాట.

వాళ్ళ మేనేజరు తేల్చేశాడు: శుక్రవారంలోగా సరిచేయకపోతే, శత్రువు ఏ పక్కనున్నాడో చూపించే ఎర్ర బాణం తెరమీద పెట్టి, అడుగుల చప్పుడు తగ్గించి, తుపాకుల మోత పెంచేస్తారు.

చెవులపిల్లి సెలవు పెట్టి ఇంట్లో కూర్చుని ప్రతి చప్పుడూ విప్పి చూసింది. తన హెడ్‌సెట్‌లో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పిచ్చెక్కినట్టయిపోయింది. నాకు కళ్ళు మూయించి, చుట్టూ నడుస్తూ తను ఎటునుంచి వస్తోందో వేలు పెట్టి చూపించమంది. కుడి ఎడమలు బాగానే చెప్పాను. ముందునుంచి వస్తే వెనక్కి చూపించాను.

"ముందూ వెనకా తేడా తెలీదా నీకు?" అని అరిచింది. వెంటనే తగ్గి, "అసలెలా తెలుస్తుంది పెద్దమ్మా?" అని అడిగింది.

గురువారం నన్ను ఆఫీసుకు తీసుకెళ్ళింది. కొత్త చెవులు కావాలట. టెస్టింగ్ గదిలో వరుసగా బల్లలు, ప్రతి బల్లకూ కుడిపక్కన కంప్యూటర్ డబ్బా. నేను కూర్చుని హెడ్‌సెట్ పెట్టుకోబోతే పక్క సీటు అబ్బాయి ఆపాడు.

"అలా కాదమ్మా, తిప్పి పెట్టుకోండి. వైరు పొట్టిది, డబ్బాదాకా అందదు."

వైరు ఎడమ గిన్నెలోంచి వస్తుంది. డబ్బా కుడిపక్క ఉంది. అందుకని ఎడమ గిన్నెను కుడిచెవికి పెట్టుకుంటున్నారు. గదంతా అలాగే.

చెవులపిల్లి గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఎప్పట్నుంచి ఇలా?"

"మొదటి రోజునుంచీ మేడమ్. ఏం, ఎటు పెట్టుకుంటే ఏంటి?"

"మా ఇంట్లో డబ్బా ఎడమపక్క ఉంది" అంది, ఎవరితోనో తెలీకుండా. ఆమె ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. నా చేయి పట్టుకుని మేనేజరు గదికి లాక్కుపోయింది.

ఆయన హెడ్‌సెట్ అటూ ఇటూ పెట్టుకుని విన్నాడు. ఆయనా నవ్వాడు. "అయితే నీ తప్పేం లేదన్నమాట!"

"బాణం తీసేస్తారుగా సార్?"

"బాణం పైవాళ్ళకి చూపించేశామమ్మా. నచ్చింది. అయినా ఇళ్ళల్లో కూడా ఇలా తిప్పి పెట్టుకునేవాళ్ళుంటారు కదా?"

"ఆట మొదట్లో ఒక్కసారి గంట మోగిద్దాం సార్. ఎడమన వినపడిందా అని అడుగుదాం. అర నిమిషం పని."

"ఆడుకోడానికి వచ్చినవాడికి పరీక్ష పెడితే లేచిపోతాడు. వదిలేయ్, నీ మీద మచ్చేం రాదు."

తన బాధ మచ్చ గురించి కాదని ఆమె చెప్పబోయింది. ఆయన అప్పటికే ఫోను ఎత్తాడు.

గేము వచ్చిన రోజు మధ్యాహ్నం వెనక గదిలో నాకు చూపించింది. హెడ్‌సెట్‌ను నా తలకు తనే సరిగ్గా సర్దింది. నీటిచుక్క లేదు. రేకు తలుపు లేదు. చెవుల్లో తుపాకులు దంచేస్తున్నాయి. తెర అంచున ఎర్ర బాణం వెలిగింది, అటు తిరిగి కాల్చాను, సైనికుడు పడిపోయాడు.

"నా అడుగులేవే?"

"ఉన్నాయి. తుపాకుల కింద."

ఆమె ముఖం చూడలేక, ఓదార్పుగా ఏదో ఒకటి అనాలని, "పోనీలేవే. బాణం ఉంటే నాలాంటిదానికి తేలిగ్గానే ఉంది" అన్నాను.

నా తలమీదనుంచి హెడ్‌సెట్ మెల్లగా తీసి, వైరు చుట్టింది. ఏళ్ళ తరబడి ఒక్క అక్షరం కోసం పేజీలు పట్టుకు కూర్చున్నదాన్ని, ఆ మాట నా నోట ఎలా వచ్చిందో!

మరుసటి వారం ఉద్యోగం మానేసింది. వేరే ఊళ్ళో పని దొరికిందని, ఆదివారం సాయంత్రం బస్సని చెప్పింది. ఆ రోజు నా గదిలో గుమ్మం వైపు వీపు పెట్టి కూర్చుని పుస్తకం తెరిచాను. నిజానికి చదవడం లేదు, ఆమె అడుగుల కోసం వింటున్నాను. వచ్చి నా వెనక నిలబడుతుంది, అప్పుడు చెప్పాలి తప్పు మాట అన్నానని. మాటలు కూడబలుక్కుని ఉంచుకున్నాను.

హాల్లో ఏ టైలు కదులుతుందో, తలుపు ఎక్కడిదాకా తీస్తే కిర్రుమంటుందో ఆ ఇంట్లో అందరికన్నా ఆమెకే బాగా తెలుసు. ఎంతసేపటికో లేచి వెనక గదిలోకి వెళ్ళాను. దుప్పట్లు మడతపెట్టి ఉన్నాయి, ఆమె పెట్టె లేదు. గడియారం మళ్ళీ గోడ మీద ఉంది. బస్సు టైము దాటి ఇరవై నిమిషాలయింది.