ఖాళీ గ్యాలరీలో మా అన్నయ్య కేక

నా మేనల్లుడు ప్రకాష్ నాలుగేళ్లుగా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపర్. కన్నకొడుకు ఆట మా అన్నయ్య ఒక్కసారీ చూడలేదు. ఆ శనివారం వాడి చివరి మ్యాచ్. అన్నయ్య బంటింగ్ ఊరి నుంచి కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లోని మా ఇంటికి రానైతే వచ్చాడు గానీ, రాత్రి ఎనిమిదింటికి నగరంలో జరిగే ప్రొఫెషనల్ జట్టు మ్యాచ్ కోసం. ఆ జట్టు జెర్సీ కూడా తొడుక్కున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఆడే రావద్దన్నాడు గదే. సూడ్డానికి ఎవులూ రారంట, సిగ్గంట" అన్నాడు.

"నువ్వెల్తే ఒకడైనా ఉంటాడు గదా, పద" అన్నాను. సగం ఆట చూసి వెనక్కి వచ్చేస్తానని బేరం పెట్టి కదిలాడు.

మూడింటికి కెఎల్ సెంట్రల్‌లో బాంగి వైపు వెళ్లే కొమ్యూటర్ రైలెక్కాం. సుమారు గంట ప్రయాణం, టికెట్టు ఐదారు రింగిట్లు. దిగాక స్టేషన్ బయట ఎక్కిన కారు డ్రైవర్ తమిళుడు. జెర్సీ చూసి, "అంకుల్, స్టేడియం ఇటు కాదు లా!" అని, ఇక్కడ అందరూ మాట చివర తగిలించే 'లా'తో నవ్వాడు.

"నాకు తెలుసు తంబీ, మా సెల్లికే తెల్దు" అన్నాడు అన్నయ్య.

ఐదింటికి ఆట మొదలైంది. ప్రవేశం ఉచితం. అంత పెద్ద గ్యాలరీలో నలభై మంది ఉంటే గొప్ప, వాళ్లలో సగం ఆటగాళ్ల రూమ్మేట్లే. నగరంలో పెద్ద మ్యాచ్ ఉన్న రోజు ఇంతేనని టీ అమ్మే మలయ్ ఆవిడ చెప్పింది. అన్నయ్య విరామం ముగుస్తుండగా లేచాడు. నేను బతిమాలుతూ వెంట నడిచాను. ప్రకాష్ కాస్తున్న గోల్ వెనకే గేటు. మేం అక్కడికి చేరేసరికి ఆట మళ్లీ మొదలై, అవతలి జట్టుకు కార్నర్ దొరికింది.

"ఎడంపక్క కాళీ ఒగ్గీసినావురా! అటు జరుగు!" అని అన్నయ్య కేక పెట్టాడు.

మేం రబ్బరు ఎస్టేట్‌లో ఉన్న రోజుల్లో పక్క ఎస్టేట్ తమిళ జట్టుతో ఆడేటప్పుడు, ఎత్తులు తెలియకూడదని మావాళ్లు తెలుగులోనే అరుచుకునేవారు. ఇక్కడా ఆ కేక ప్రకాష్ ఒక్కడికే అర్థమైంది. ఎడమవైపు దూకి బంతిని బయటికి గుద్దాడు. ఇంట్లో మేం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్లాడు, వెనక్కి తిరిగి అన్నాడు: "నానా, పోవద్దు లా. ఈడే ఉండి సెప్పు."

అన్నయ్య గేటు దాటలేదు. గొంతు పోయేదాకా అరిచాడు. ఆట ఒకటి-ఒకటితో ముగిసింది.

ఆ గ్యాలరీ చూసి మొదట జాలిపడ్డాను. కానీ అది నిండి ఉంటే అన్నయ్య కేక పది గజాలు కూడా వెళ్లేది కాదు. తిరుగు రైల్లో ఆయన పెద్ద మ్యాచ్ స్కోరు కూడా అడగలేదు. నా మనసు హాయిగా ఉంది. మీరూ ఇలాంటి ఆటకు వెళ్తే గ్యాలరీలో కూర్చోకండి, గోల్ వెనక నిలబడండి. ఆడేది మీవాడైతే, రావద్దన్నా వెళ్లండి.